గీత కాడికి రామ్మా

సాయంత్రం అయిదున్నర దాటాక మా వంటింటి కిటికీలోంచి ఒక చప్పుడు వస్తుంది. బాస్కెట్‌బాల్ గుండ్రటి ఇనుప కమ్మీకి తగలకుండా నేరుగా వలలోంచి జారినప్పుడు వచ్చే చప్పుడు అది. తడి చీర ఒక్కసారి దులిపినట్టుంటుంది. కమ్మీకి తగిలిన బంతి మోత వేరు; అది వింటే నాకేమీ అనిపించదు. ఈ మెత్తటి చప్పుడు వింటే మాత్రం చేతిలో పని ఆగిపోతుంది. నిన్న పప్పుకి తాలింపు వేస్తుండగా అది వరసగా రెండుసార్లు వినబడింది. ఆవాలు మాడిపోయాయి. నాకు డెబ్బై ఒకటి. ఇంట్లో ఎవరూ లేరు. అయినా నలుగురి ముందు నిలబడ్డట్టు తల దించుకున్నాను.

మా ఇంటి వెనక ఆ కోర్టు గోపాలపట్నంలో చాలామందికి తెలుసు. ఇప్పుడున్న వల కొట్లో కొన్నది. పదిహేనేళ్ళ కిందట ఉన్నది అప్పలస్వామి గారు ఫిషింగ్ హార్బరు నుంచి తెచ్చి, రెండు రోజులు కూర్చుని తన చేత్తో అల్లి కట్టిన చేపల వల. ఆయన పోర్టులో క్రేను నడిపి రిటైరైన మనిషి. జన్మలో ఒక్కసారి కూడా ఆట ఆడలేదు. కానీ మా కాలనీ క్లబ్బు ఆడపిల్లల జట్టు ఎక్కడ ఆడినా కోర్టు పక్కన మూడో మెట్టు మీద ఆయన ఉండాల్సిందే.

నన్ను ఆ మెట్ల మీదికి తెచ్చింది ఆయనే. మాది కృష్ణా జిల్లా. మావారి పోర్టు ఉద్యోగం వల్ల ఈ ఊరొచ్చాం. ఆయన పోయాక నేను షిప్పింగ్ ఏజెంటు ఆఫీసులో బిల్లులు సరిచూసి రావడం, తలుపు వేసుకోవడం, అంతే. ఇక్కడి మాట నాకు పట్టుబడలేదు, మనుషులూ పట్టుబడలేదు. ఒక ఆదివారం అప్పలస్వామి గారు గేటు బయట నిలబడి పిలిచారు.

"ఇంట్లో కూకుని ఏటి సేత్తన్నావమ్మా?"

"ఏముందండీ, ఊరికే."

"ఊరికే కూకునేదేదో అక్కడ కూకో. మావోళ్ళకి లెక్క సూసీవోళ్ళు నేరు. ఎవుడి నోటికొచ్చింది ఆడు సెప్తన్నాడు."

వెళ్ళాను. ఎవరు ఎన్ని వేశారు, ఎన్ని వదిలారు అన్నది వేళ్ళ కణుపుల మీద లెక్కపెట్టేదాన్ని. నెల తిరక్కుండానే నా పేరు లెక్కలమ్మ అయింది. ఎవరైనా అంకె తప్పు చెబితే వెనక్కి తిరిగి నా వంక చూసేవారు. నేను తల అడ్డంగా ఊపితే ఆ మాట అక్కడితో సరి. ఇంత ముచ్చట నాకు ఆఫీసులోనూ జరగలేదు, ఇంట్లోనూ జరగలేదు.

మా జనానికి ఓడినప్పుడే మాటలెక్కువ. గెలిస్తే టీ తాగి వెళ్ళిపోయేవారు. ఓడితే దోమలు తరిమేదాకా మెట్ల మీదే.

"కోచ్‌దే బావా తప్పు. ఆ పొడుగమ్మాయిని కూసోబెట్టీసి ఏటి సేద్దామని?"

"కోచ్ ఏటి సేత్తాడు? రిఫరీకి కళ్ళు నేవు."

"ఆడికి కళ్ళుంటే మాత్రం, మనోళ్ళు ఏసీసేవోళ్ళేటి?"

ఇలా సాగి సాగి ఎక్కడో ఒక పిల్ల పేరు దగ్గర ఆగేది. పేరు బయటికి రాగానే అప్పలస్వామి గారు కర్ర నేలకి ఆనించి లేచేవారు. "సరే. గీత కాడికి రా." అది ఆయన పెట్టిన పద్ధతి. ఫలానా పిల్ల వల్ల ఓడామన్నవాడు ఫ్రీ త్రో గీత మీద నిలబడి రెండు బంతులు వెయ్యాలి. ఎవరి మీద నింద వేశాడో ఆ పిల్లే అతని చేతికి బంతి అందించాలి. రెండూ పడితే అతని మాట నిలిచినట్టు, తప్పితే ఆ ఊసు మళ్ళీ ఎత్తకూడదు. నేను చూసినంతలో ఎవరికీ రెండూ పడలేదు. ఒకసారి బియ్యం కొట్టు ఆయన మీసం దువ్వుకుని మరీ వేస్తే బంతి బోర్డు మీంచి ఎగిరి గోడ దాటింది. "సింహాచలం కొండెక్కిపోనాది బావా, దర్శనం సేసుకుని వత్తాది" అన్నారెవరో. బంతి అందించిన పిల్ల కూడా నవ్వేసింది. ఆ నవ్వుతో ఓటమి ఇంటికెళ్ళిపోయేది. పిల్లలు మర్నాడు మళ్ళీ ఆటకొచ్చేవారు.

ఈ పద్ధతి ఎలా పుట్టిందో ఒక వాన రోజు షెడ్డు కింద నిలబడి చెప్పారాయన. పోర్టులో ఉండగా ఆయన క్రేను నుంచి ఒక పెట్టె జారి పడిందట. ఎవరికీ దెబ్బ తగల్లేదు కానీ విచారణ పెట్టారు. ఆఫీసరు బల్ల వెనక కూర్చుని నీ అజాగ్రత్తే అన్నాడు. "ఒక్కసారి పైకెక్కి సూసి రాయండి బాబూ అన్నాను. సరేనన్నాడు. నిచ్చెన సగం ఎక్కి కిందకి సూసేడు. దిగిపోయి నా మీద ఏటీ రాయనేదు." అది చెప్పి చాలాసేపు నవ్వారు. నేనూ నవ్వాను.

పదిహేనేళ్ళ కిందట మా జట్టులో అందరికంటే చిన్నది పైడి. పెందుర్తి అవతల పల్లె నుంచి బస్సులో వచ్చేది. పంతొమ్మిదేళ్ళు. తండ్రికి కాస్త పొలం ఉన్నా ఇల్లు గడిచేది ఆయన తాపీ పనితో. అచ్యుతాపురం వైపు ఒక కంపెనీ, ఆట బాగా ఆడే పిల్లకి ఆఫీసులో ఉద్యోగమిస్తాం, ఒక పేరు పంపండి అని క్లబ్బుని అడిగింది. కార్యదర్శి పైడి పేరు పంపబోతున్నాడని మెట్ల మీద అందరికీ తెలుసు. ఫైనలు అయ్యాక ఉత్తరం రాస్తానన్నాడు.

ఫైనలు మా కోర్టులోనే జరిగింది. చివరి క్షణాల్లో మావాళ్ళు ఒక్క పాయింటు వెనకబడి ఉన్నారు. అవతలి పిల్ల పైడిని తోసేసింది. రిఫరీ రెండు ఫ్రీ త్రోలు ఇచ్చాడు. అడ్డం వచ్చేవారు ఉండరు, గీత మీద నిలబడి వేసుకోవడమే. రెండూ పడితే గెలుపు. మొదటిది కమ్మీ మీద గిర్రున తిరిగి బయటికి పడింది. రెండోది బోర్డుకి కొట్టుకుని తిరిగొచ్చింది. ఆట అయిపోయింది.

మెట్ల మీద వాదన మొదలైంది. కోచ్ అన్నారు, రిఫరీ అన్నారు, ఎండ అన్నారు. పైడి పేరు ఎవరూ ఎత్తలేదు. ఎత్తకూడదని అందరికీ తెలుసు. కార్యదర్శి అక్కడే కూర్చుని ఉన్నాడు. నాకూ తెలుసు. కానీ ఆ వాదన నా చెవులకి తప్పుడు కూడికలా వినిపించింది. పైగా అరగంట నుంచి ఎవరూ నా వంక తిరిగి చూడలేదు.

"ఇంత వాదన దేనికండీ?" అన్నాను. "ఓడింది ఒక్క పాయింటుతో. పైడి వదిలింది రెండు. ఇంక తేల్చడానికేముంది?"

"లెక్కలమ్మ తేల్చీసింది" అన్నారు వెనకనుంచి.

అప్పలస్వామి గారు నా వంక చూశారు. కోపంగా కాదు. దారి చూపిస్తున్నట్టు. "సెప్పీసావు గదా. గీత కాడికి రామ్మా."

అందరూ నవ్వారు. ఆడవాళ్ళని ఎప్పుడూ పిలవలేదు. యాభై ఆరేళ్ళ మనిషిని, చీరలో ఉన్నాను, రానని కూర్చోవచ్చు. వెళ్ళినా బంతి ఎటో పోతుంది, నలుగురూ నవ్వుతారు, పైడి మాట మాసిపోతుంది. ఆయన ఉద్దేశం అదే. నేను చెప్పులు విడిచి, కొంగు నడుముకి దోపి వెళ్ళాను.

పైడి బంతి తెచ్చి ఇచ్చింది. దాని చేతుల చెమట బంతికి ఇంకా అంటుకుని ఉంది. నేను బంతి తలమీదికెత్తి తడబడుతుంటే దగ్గరికొచ్చి మెల్లగా చెప్పింది. "కింద నుంచి ఏయండి అమ్మగారూ. అలగైతే సులువుగా ఎల్తాది."

కాలేజీలో నేను రింగు టెన్నిస్ ఆడేదాన్ని. మణికట్టు ఇంకా మరిచిపోలేదు. పైడి చెప్పినట్టే రెండు చేతులతో కింద నుంచి వేశాను. వల దులిపినట్టు చప్పుడైంది. తరవాత చప్పట్లు. నా జీవితంలో నాకోసం అంతమంది కొట్టిన చప్పట్లు అవే.

రెండోది పక్కకి వెయ్యవచ్చు. ఆ ఆలోచన నాకు వచ్చింది. పైడి బంతి తెచ్చి చేతిలో పెట్టినప్పుడే వచ్చింది. చప్పట్లు ఆగేలోగా వేసేశాను. అదీ పడింది.

"ఏటి బాబాయ్" అన్నాడు కార్యదర్శి అప్పలస్వామి గారితో నవ్వుతూ, "సీర కట్టుకున్నమ్మ ఏసీసింది. మనం ఆ పిల్లకి బూట్లు కూడా కొనిచ్చాం."

పైడి బంతి తీసుకుని జెర్సీతో తుడిచి సంచిలో పెట్టింది. నా పక్కనుంచి పోతూ "బాగేసారు అమ్మగారూ" అంది. ఎత్తిపొడుపు కాదు. దాన్ని ఎత్తిపొడుపనుకోవాలని చాలాసార్లు ప్రయత్నించాను.

అప్పలస్వామి గారు మెట్టు దిగలేదు. అందరూ వెళ్ళాక కూడా అక్కడే కూర్చున్నారు. నేను చెప్పులు వేసుకుని ఇంటికొచ్చాను.

కంపెనీకి వేరే పిల్ల పేరు వెళ్ళింది. అప్పలస్వామి గారు కార్యదర్శి ఇంటికి రెండుసార్లు వెళ్ళారు. ఏమన్నాడని నేనడిగితే గోడ వంక చూస్తూ చెప్పారు. "పందెం నువ్వే పెట్టావు బాబాయ్, నువ్వే ఓడిపోనావు అన్నాడు. ఏటంటానమ్మా? నిజమే గదా."

ఒక ఆదివారం మేమిద్దరం పెందుర్తి బస్సెక్కి పైడి ఇంటికి వెళ్ళాం. అప్పటికే అది అచ్యుతాపురంలో ఇంకో ఫ్యాక్టరీలో ప్యాకింగు పనిలో చేరింది. చీకటితోనే బస్సు, రోజంతా నిలబడే పని. మమ్మల్ని చూసి కంగారుగా మంచం మీద దుప్పటి మార్చింది. నేను బస్సులో పేర్చుకున్న మాటలు మొదలుపెట్టాను. అది సగంలోనే ఆపింది.

"ఊరుకోండి అమ్మగారూ. మీరు ఏసారు, నాను ఏయనేదు. దానికేటి?" అని టీ పెట్టడానికి లేచింది. ఇంకేమీ అడగలేదు. క్షమించమని అనే అవకాశం కూడా నాకు దొరకలేదు. మళ్ళీ ఆడతావా అని అప్పలస్వామి గారు అడిగితే, "నైటు షిఫ్టు గూడా ఉంది తాతా" అంది.

తిరుగు బస్సులో ఆయన వేపగుంట దాటాక అన్నారు. "ఆ ఆఫీసరు దిగిపోనాడు గాబట్టి నాను గెలిసాననుకున్నాను. ఇన్నాళ్ళూ అదే నాయం అనుకున్నాను. ఆడు ఎక్కీసుంటే?"

ఎక్కేసినదాన్ని నేను ఆయన పక్కనే కూర్చుని ఉన్నాను.

ఆ తరవాత ఆయన ఎవరినీ గీత దగ్గరికి పిలవలేదు. ఆటకి మాత్రం మానలేదు, నన్నూ మాననివ్వలేదు. నేను రెండు వారాలు తలుపు వేసుకుని కూర్చుంటే మళ్ళీ గేటు దగ్గర నిలబడ్డారు. "సిగ్గయితే ఇద్దరికీ అయ్యింది. నానొక్కడినే కూకోవాలేటి?" అన్నారు. ఆయన నన్ను మందలించిందేమైనా ఉంటే ఆ ఒక్క మాటే. ఆరేళ్ళ కిందట, డెబ్బై ఏడో ఏట పోయారు. మూడో మెట్టు మీద ఆయన ఎడమ పక్క నా చోటు. ఇప్పటికీ కుడి పక్క ఖాళీ వదిలే కూర్చుంటాను.

మొన్న ఆదివారం మా పిల్లలు మళ్ళీ ఒక్క పాయింటుతో ఓడారు. చివర్లో ఒక కొత్త పిల్ల రెండు ఫ్రీ త్రోలూ వదిలేసింది. కుర్రాళ్ళు ఫోనులో అదే ముక్క తిప్పి తిప్పి చూస్తున్నారు. వాళ్ళలో ఒకడు నా దగ్గరికొచ్చాడు. "మామ్మగారూ, మీరు సెప్పండి. ఎవలిది తప్పు?"

"చెప్తాను, కూర్చో" అన్నాను. మొదటి నిమిషం నుంచి మొదలుపెట్టాను. ఎవరు కమ్మీ కిందే నిలబడి వదిలారు, ఎవరి చేతిలోంచి బంతి జారింది, కెప్టెను వదిలినవెన్ని, అన్నీ వరసగా. ఏడో తప్పో ఎనిమిదో తప్పో వచ్చేసరికి అతను ఫోను చూసుకోసాగాడు. పదిహేను దాటేసరికి మెట్లు ఖాళీ. నేను ఆపలేదు. చివరిదాకా చెప్పి తల తిప్పితే ఆ కొత్త పిల్ల బంతి పట్టుకుని కింద నిలబడి ఉంది.

"నావి సెప్పకుండా ఒగ్గీసారేటి మామ్మగారూ?" అంది.

"వదల్లేదు. ఇరవై మూడోది ఒకటి, ఇరవై నాలుగోది ఒకటి. చివర పడ్డ అంకెకి బరువెక్కువ ఉండదు."

ఆ పిల్ల నన్ను నమ్మాలా వద్దా అన్నట్టు చూసింది. తరవాత వెళ్ళి గీత మీద నిలబడింది.

ఈ మాట నేను తరవాత ఎక్కడో నేర్చుకున్నది కాదు. ముప్ఫై ఏళ్ళు బిల్లులు కూడినదాన్ని; మొత్తంలో ఏ వరసకి ఎంత బరువో నాకు ఆ రోజూ తెలుసు. ఫైనల్లో మావాళ్ళు వదిలినవన్నీ ఆ రోజు కూడా నా వేళ్ళ మీదే ఉన్నాయి. పైడివి తప్ప మిగతావి మడిచేశాను.