ఏమీ వేయని ప్లేటు

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. చనిపోయినవాళ్లు తిరిగొస్తారని మా వాక్యం నేర్పదు. సండే స్కూల్లో పిల్లలకు ఆ సంగతి చెప్పేది నేనే. కాబట్టి దీన్ని దయ్యం కథ అనుకోకండి. మరి ఏమనుకోవాలో నాకూ తెలియదు. నా విసుగంతా అదే.

రాజమండ్రిలో ఒక ప్రైవేటు ల్యాబులో మైక్రోబయాలజీ పని నాది. గొంతులో తిప్పి తీసిన దూదిపుల్లను, రక్తం కలిపిన అగార్ జెల్లీ ప్లేటు మీద రాసి, లూపు అనే సన్నటి తీగతో గీతలు గీసి, ఇంక్యుబేటర్‌లో వెచ్చగా ఉంచుతాం. స్ట్రెప్టోకాకస్ ఉంటే సన్నటి చుక్కల్లా పెరిగి, చుట్టూ ఉన్న రక్తాన్ని కరిగించి తేటపరుస్తుంది. దానికి గొర్రె రక్తం వాడాలి. అది దొరకనప్పుడు మా యజమాని బ్లడ్ బ్యాంకులో గడువు దాటిపోయిన మనిషి రక్తపు సంచి తెప్పించేవారు. అందులో ఈ బ్యాక్టీరియా సరిగా పెరగకపోవచ్చు, వద్దండీ అని చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది.

అలాంటి ప్లేటు మీదే మా చర్చి సంఘంలోని సునీత కూతురి శాంపిల్ పడింది. పిల్లకు గొంతునొప్పీ జ్వరమూ తగ్గి మళ్లీ వస్తున్నాయి. అది స్ట్రెప్టోకాకస్ అయితే, వదిలేస్తే గుండె కవాటాలు పాడవుతాయని డాక్టరు గారి భయం. ప్లేటు మీద ఏమీ పెరగలేదు. రిపోర్టు అలాగే వెళ్లింది.

ఆదివారం సునీత లేచి, ప్రార్థన వల్ల పాపకు స్వస్థత కలిగిందని సాక్ష్యం చెప్పింది. మందులు కూడా ఆపేసింది. ఆరాధన అయ్యాక, మళ్లీ టెస్టు చేద్దామని అడిగాను.

"రిపోర్టు ఇచ్చింది మీరే కదక్కా. ఇప్పుడు మీకే నమ్మకం లేదా?" అంది.

పక్కనున్నవాళ్లు నన్ను అవిశ్వాసిని చూసినట్టు చూశారు.

ముందురోజు, అంటే శనివారం సాయంత్రమే ల్యాబుకు గొర్రె రక్తం వచ్చింది. కొత్త ప్లేట్లు పోసి, శుభ్రంగా ఉన్నాయో లేదో తెలియడానికి, ఒకదాన్ని ఏ శాంపిలూ వేయకుండా ఇంక్యుబేటర్‌లో పెట్టి, ల్యాబుకు తాళం వేసి వచ్చాను. సోమవారం తీసి చూస్తే దాని నిండా స్ట్రెప్టోకాకస్.

గాలిలోంచి పడ్డవైతే చెదురుమదురుగా ఉంటాయి. ఇవి లూపుతో గీసినట్టు వరుస కట్టి ఉన్నాయి. చివరి గీతను లోపలికి తిప్పి వదిలే అలవాటు మా ల్యాబులో నా ఒక్కదానిదే. ఆ తిప్పు అక్కడ ఉంది.

యజమానికి చూపించాను. "కంటామినేషనమ్మా, పారేయండి" అన్నారు, మూతైనా తీయకుండా. ఫొటో తీద్దామని నేను ఫోన్ తెచ్చుకునేలోపే, క్రిముల్ని ఆవిరితో చంపే ఆటోక్లేవులో దాన్ని వేయించేశారు.

పాప గొంతును మళ్లీ పరీక్షించక తప్పదనిపించి, కొత్త దూదిపుల్ల పట్టుకుని ఆటోలో కడియంలోని సునీత ఇంటికి వెళ్లాను. సునీత గుమ్మంలోనే నిలబెట్టింది.

"నీ సాక్ష్యం నిజమైతే ఇందులోనూ ఏమీ రాదు కదమ్మా" అన్నాను.

సునీత పక్కకు జరిగి దారిచ్చింది. తర్వాత పాపను పిలిచి నోరు తెరవమంది.

గొర్రె రక్తం మీద అదే బ్యాక్టీరియా పెరిగింది. పెన్సిలిన్ మొదలుపెట్టారు. పాప గుండెకు ఏమీ కాలేదు.

యజమాని ఇప్పటికీ కంటామినేషన్ అనే అంటారు. ఆ ప్లేటు సంగతి నా నోట విన్న సునీత మాత్రం ఇది దేవుని కార్యం, సాక్ష్యం చెప్పండక్కా అని వారం వారం నా ప్రాణం తీస్తుంది. దేవుడు కార్యం చేస్తాడనడంలో నాకు సందేహం లేదు. చెబుదామనే లేస్తాను. కానీ ఆ గీతలు నా చేతివి, నేను గీయలేదు. ఈ రెండు మాటలూ ఒకే సాక్ష్యంలో ఎలా చెప్పాలో తెలియక మళ్లీ కూర్చుంటాను.