ప్రకటన కింద ఆరు వరుసలు

డిసెంబరు రెండో మంగళవారం, మధ్యాహ్నం మూడు గంటలు. ఆ రోజు నా డైరీలో ఒకే వాక్యం ఉంది: పేజీ తెరుచుకుంది, బొమ్మ లేదు.

కోదాడలో ఉండే మా అక్క కూతురి పాపకు అప్పుడు అయిదో నెల. తండ్రికి కొండ ప్రాంతానికి బదిలీ అయింది. ఆదివారం వాళ్ల ప్రయాణం. కొన్న స్వెట్టర్ తొడిగితే పాప మెడంతా దద్దుర్లు లేచాయి. మెత్తటి ఊలుతో నేనే అల్లి ఇస్తానని మాట ఇచ్చాను. నలభై వరుసలు పూర్తయ్యాయి. సూదిమీద ఎనభై నాలుగు కుట్లున్నాయి. మిగిలింది మెడ.

ఆ అల్లిక విధానాన్ని రెండు నెలల కిందటే ఒక వెబ్‌సైటు నుంచి ఫోనులో ఆఫ్‌లైన్‌గా భద్రపరిచాను. నలభయ్యో వరుస దాకా నోటుపుస్తకంలోకి ఎత్తి రాసుకున్నాను కూడా. మిగతాది బొమ్మ రూపంలో ఉంది కనుక, దాచిన బొమ్మ ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను. ఈలోగా ఆ వెబ్‌సైటు మూతపడింది. నా ఫోను మహా శ్రద్ధగా కాపాడినవి ఇవి: అల్లిక రాసిన విదేశీ ఆవిడ పిల్లి అలవాట్లు, వాన చూస్తూ ఆవిడ తాగిన కాఫీ, "చాలా బాగుంది" అన్న ముప్పై ఒక్క వ్యాఖ్యలు. బొమ్మ ఉండవలసిన చోట బూడిదరంగు చతురస్రం. భద్రపరచడమంటే పొట్టు దాచి గింజ పారబోయడమని ఆ యంత్రానికి ఎవరు నేర్పారో తెలియదు.

ఇక మిగిలిన దారి మిర్యాలగూడలోని మా తమ్ముడి భార్య. రైసు మిల్లు వాళ్ల వీధిలో పదకొండు మంది ఆడవాళ్లతో ఆమెకొక వాట్సాప్ గ్రూపు ఉంది. వాళ్లు ఏదీ రాసుకోరు, అన్నిటికీ స్క్రీన్‌షాట్లే. ఈ స్వెట్టర్‌నే వాళ్లంతా నాకంటే ముందు అల్లారు. ఆ స్క్రీన్‌షాట్ల అలవాటును దసరాకు ఆమె ఎదుటే ఎగతాళి చేశాను. ఇప్పుడు ఫోను చేశాను.

"ఏంది వదినె, ఆఫ్‌లైన్ల పదిలంగ పెట్టిన అంటివి గదా? మాయి పిచ్చిపనులంటివి!"

"పంపుతవా, పంపవా?"

"పంపుత తియ్. జర మర్యాదగ అడుగరాదు?"

ముందు గులాబీ పువ్వుతో శుభోదయం వచ్చింది, మధ్యాహ్నం మూడు దాటాక. తర్వాత స్క్రీన్‌షాట్. అందులో నలభయ్యో వరుస ఉంది, నలభై ఏడో వరుస ఉంది. నడుమ ఆరు వరుసలమీద నడుంనొప్పి తైలం ప్రకటన కూర్చుని ఉంది.

"మరి గీ ఆరు వరుసలు మీరెట్ల అల్లిండ్రు?"

"పైన తగ్గించుకుంట వచ్చినం గద, ఇగ వరుస వరుసకు తగ్గించినం."

"తల పట్టిందా?"

"యాడ పడతది! వెనక కోసి గుండీ పెట్టినం. అందరం గంతే. గిప్పుడు గదే ఫ్యాషన్. మిర్యాలగూడ మెడ అంటున్నం!"

బియ్యంలో నూక ఎంతుందో పిడికెడు చూసి చెప్పగల ఇళ్లు అవి. ఆ పదకొండు మందిలో ఒకామె లెక్కల టీచరు. వెబ్‌సైటు ఉన్న రోజుల్లోనే ప్రకటన మూలన ఉన్న గుణకారపు గుర్తును నొక్కి మళ్లీ ఒక స్క్రీన్‌షాట్ తీద్దామని ఒక్కరికీ తోచలేదు. చలి లేని ఊళ్లో ఫొటో కోసం తొడిగి విప్పే స్వెట్టర్‌కు ఏ మెడైనా చెల్లుతుంది. ఈ పాప దాన్ని రోజంతా తొడుక్కోవాలి, వెల్లకిలా పడుకోవాలి. వెనక గుండీ ఉంటే నేరుగా మెడలో గుచ్చుకుంటుంది.

నలభయ్యో వరుస చివర ఎనభై నాలుగు కుట్లు. నలభై ఏడో వరుస మొదట అరవై. పోవలసినవి ఇరవై నాలుగు. చేతులు ఒంటితో కలిసే నాలుగు అతుకుల దగ్గర రెండేసి, అంటే తగ్గించిన ప్రతిసారీ ఎనిమిది. కాబట్టి ఆరు వరుసల్లో మూడుసార్లే తగ్గించాలి, ఒకటి విడిచి ఒకటి. పై వరుసలు చెబుతున్నదీ అదే. వాళ్లు ఆరుసార్లు తగ్గించి ముప్పై ఆరుకు దిగి, పిల్లల తలలు పెద్దవనుకున్నారు. ఆ ఆరు వరుసలూ లెక్కకట్టి నోటుపుస్తకంలో రాసేసరికి నా టీ కూడా చల్లారలేదు.

శనివారం కోదాడ వెళ్లాను. పాపను సాగనంపడానికి మరదలు అప్పటికే వచ్చి ఉంది.

"పిన్నీ, తల పడుతుందంటావా? ఏడుస్తుందేమో," అంది అక్క కూతురు.

"పట్టకుంటే నా బ్యాగుల కత్తెర ఉన్నది వదినె," అంది మరదలు.

మెడను రెండు చేతులతో సాగదీసి తొడిగాను. చెవులు దాటింది. పాప ఒకసారి తుమ్మి, స్వెట్టర్ చేతి అంచును నోట్లో పెట్టుకుంది. మరదలు నా నోటుపుస్తకం అడిగి తీసుకుని, ఆ పుటను ఫొటో తీసి గ్రూపులో పెట్టింది. చూశాను. నలభై ఒకటి నుంచి నలభై ఆరు దాకా వరుసలమీద ఆమె బొటనవేలు ఉంది, ఎర్రటి గోరు రంగుతో సహా.

అయిదు నిమిషాల్లో గ్రూపు నిండా చప్పట్ల బొమ్మలు. ఆ ఆరు వరుసలేవని ఒక్కరూ అడగలేదు. నేను పాప మెడకూ ఊలుకూ మధ్య వేళ్లు పెట్టి చూశాను. రెండు వేళ్ల సందు ఉంది. నోటుపుస్తకం మూసి నా సంచిలో పెట్టుకున్నాను.