రేపు విప్పాల్సి వస్తే

మా బావ విప్పడానికి వీల్లేని పని ఏదీ చేయడు.

ఆయన దర్జీ. దర్జీలు కుట్టుకు పేరు తెచ్చుకుంటారు, మా బావ విప్పుకు తెచ్చుకున్నాడు. ఆయన కుట్టిన చొక్కాలో ఏ దారం పట్టుకుని లాగాలో తెలిస్తే చాలు, ఎక్కడా చిరగకుండా, ఎవరినీ నొప్పించకుండా, అది మళ్ళీ గుడ్డయిపోతుంది. అసలు కుట్టుకు ముందు గుడ్డ కదలకుండా వేసే పొడుగాటి కచ్చా కుట్లను టాకాలంటారు. వీధి వీధంతా ఆయన్ని టాకాల మాస్టారనే పిలిచేది. లోకంలో ఏ పని చెప్పినా ఆయన నోట మొదట వచ్చే మాట ఒకటే. "రేపు విప్పాల్సి వస్తే?"

అక్కతో పెళ్ళి రిజిస్టర్ చేయించిన రోజు నేనూ ఆ ఆఫీసులో ఉన్నాను. గుమాస్తా పెద్ద పుస్తకం తిప్పి ముందుకు జరిపాడు. బావ చెవి మీది పెన్సిలు తీసి చక్కగా సంతకం పెట్టాడు. గుమాస్తా కళ్ళజోడు పైకి నెట్టుకుని, "ఇది పెళ్ళండీ, లాగూ కొలత కాదు" అన్నాడు. బావ సిగ్గుపడి, అలవాటులో పొరపాటని చెప్పి, దాని మీదే సిరాతో దిద్దాడు. దిద్దితే ఏం లాభం? ఇంట్లో ఏ చిన్న తగువు వచ్చినా, నాది పెన్సిలు పెళ్ళి, నాకేం హక్కుంటుందిలే అని అక్క ఇరవై ఆరేళ్ళుగా దెప్పుతూనే ఉంది.

వాళ్ళ ఇంట్లో గోడకు ఒక్క మేకు లేదు. మేకు కొడితే బెజ్జం పడుతుంది, పడ్డ బెజ్జం పూడదు. క్యాలెండరు కిటికీ ఊచకు వేలాడేది. అద్దం తలుపు గొళ్ళేనికి వేలాడేది, ఎవరైనా తలుపు తీస్తే మన మొహం సగం గడ్డంతో బయటికి వెళ్ళిపోయేది. గోడగడియారం కుర్చీలో కూర్చునేది. టైమెంతయిందని అడిగితే, "కుర్చీలో ఉంది చూడు" అనేవాళ్ళు. వచ్చిన చుట్టాలు గడియారాన్ని లేపడానికి మొహమాటపడి, నిలబడే మాట్లాడి వెళ్ళిపోయేవాళ్ళు.

నా పదిహేడో ఏట ఆయన నాకో ప్యాంటు కుట్టాడు. నడుము దగ్గర లోపల నాలుగు వేళ్ళ గుడ్డ మడిచి వదిలాడు. ఇంత ఎందుకు బావా, దండగ కదా అన్నాను. "మనిషి ఉన్నచోట ఉండడోయ్" అన్నాడు. ఆ తర్వాత పదేళ్ళలో నా నడుము ఆ నాలుగు వేళ్ళనూ ఒక్కొక్కటిగా తినేసింది. ప్రతిసారీ ఆయన ఏమీ అనకుండా, పాత దారం లాగి, నన్ను ఇంకొంచెం లోకంలోకి వదిలేవాడు.

ఇక బండి సంగతి.

మా నాన్నకు ఒక పాత పికప్ బండి ఉండేది. ఇళ్ళు మారేవాళ్ళ మంచాలు, బీరువాలు అందులో చేరవేసేవాడు. ముక్కు మొద్దుగా, దీపాలు గుండ్రంగా, అప్పుడే నిద్ర లేచిన పసివాడి మొహంలా ఉండేది దాని ముందుభాగం. వెనక తొట్టికి రెండు పక్కలా, చక్రాల మీదుగా ఉబ్బిన మడ్‌గార్డులు రెండు భుజాల్లా ఉండేవి. ఎడమ మడ్‌గార్డులో స్టెపినీ కూర్చోవడానికి ఒక గుంట. స్టెపినీ పంచరుకు వెళ్ళిన రోజుల్లో ఆ గుంటలో నేను కూర్చునేవాణ్ణి. ఎండకు కాగిన రేకు వెచ్చదనం, నాన్న జేబులో తాళాల చప్పుడు, వాన వెలిసిన రోడ్డు వాసన. నా చిన్నతనం మొత్తం ఆ గుంటలో పట్టేది.

నాన్న పోయాక బండి అక్కకు వచ్చింది. అక్క సోఫాలకు, కుర్చీలకు కొత్త గుడ్డ తొడిగే పని చేస్తుంది కాబట్టి తేవడానికీ ఇవ్వడానికీ అదే ఆధారం. బండిని అక్క వాకిట్లో పెట్టిన రోజు నేను దాని మీద చెయ్యి వేసి బావతో ఏవేవో అన్నాను. ఏమన్నానో సాయంత్రానికే మరిచిపోయాను. నాకది మామూలే. గొడుగులూ మాటలూ ఎక్కడివక్కడ వదిలేసి వచ్చే రకం నేను.

పదకొండేళ్ళు గడిచాయి. ఆ ఏడు బండిని తనిఖీకి తీసుకువెళితే, అక్కడి ఆఫీసరు వెనక మడ్‌గార్డు మీద వేలు పెట్టి నొక్కాడు. వేలు అవతల వైపు తేలింది. తుప్పు లోపలంతా తినేసి, పైన రంగును మాత్రం మర్యాద కోసం ఉంచింది. ఇరవయ్యో తారీఖులోగా కొత్త మడ్‌గార్డులు వేసుకు రండి, లేకపోతే రోడ్డు అనుమతి రద్దవుతుంది, ఆ తర్వాత బండి పాత ఇనుము కిందే లెక్క అన్నాడు. అప్పుడే అక్క ఒక హోటలు వాళ్ళ కుర్చీలన్నిటికీ గుడ్డ మార్చే పని ఒప్పుకుని ఉంది. బండి లేకపోతే ఆ పని లేదు.

పాత ఇనుము కొట్టువాడు, ఈ మోడల్‌వి ఇక భూమ్మీద లేవండీ, పన్నెండేళ్ళ తర్వాత వచ్చిన మోడల్‌వి ఒక జత ఉన్నాయి, వరసకు దీని తమ్ముడివి అన్నాడు. తమ్ముడి చొక్కా అన్నకు తొడగాలన్నమాట. తెచ్చి పక్కన పెట్టి చూస్తే, ఒంపు వేరు, బోల్టుల బెజ్జాలు ఒక్కటీ కలవవు, స్టెపినీ గుంట అసలు లేదు.

వెల్డరు వచ్చి చుట్టూ ఒకసారి తిరిగాడు. "పూట పని మాస్టారూ. తొట్టి రేకుకి పక్కకి ఆరు చొప్పున కొత్త బెజ్జాలు పెడితే అయిపోతుంది" అన్నాడు.

బావ చెవి మీది పెన్సిలు తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "రేపు విప్పాల్సి వస్తే?"

"ఎవరు విప్పుతారు మాస్టారూ, ఎందుకు విప్పుతారు?"

"అది మనకెలా తెలుస్తుంది?"

వెల్డరు అక్క వైపు చూశాడు. అక్క ఆకాశం వైపు చూసింది.

ఆ రోజు నుంచి మా పికప్ బండి బావ దుకాణంలో ఖాతాదారయింది. దుకాణం ముందు వాకిట్లో దాన్ని నిలబెట్టి, పాత మడ్‌గార్డులు ఊడదీసి, నాడా టేపుతో కొత్తవాటిని చక్రాల మీద కట్టి, ట్రయల్ మొదలుపెట్టాడు. సుద్దముక్కతో గుర్తులు పెట్టేవాడు, నాలుగడుగులు వెనక్కి వెళ్ళి తల వంచి చూసేవాడు. "భుజం దగ్గర పట్టేస్తోంది" అనేవాడు. మర్నాడు, "చంక కింద లూజు" అనేవాడు. అసలు ఖాతాదార్లు ప్యాంట్లు పట్టుకుని వరసలో నిలబడి, బండి కొలతలయ్యేదాకా ఓపిగ్గా చూసేవాళ్ళు. ఒక పెద్దమనిషి అయితే, కాలరు కూడా పెట్టించండి మాస్టారూ, తనిఖీకి వెళ్తోంది కదా అన్నాడు.

పది రోజుల తర్వాత ఉపాయం తేలింది. ఇనుప పట్టీ ఒకటి. దానికి రెండు వరసల బెజ్జాలు. ఒక వరస బండికి ఉన్న పాత బెజ్జాలకు సరిపోతుంది, రెండో వరస కొత్త మడ్‌గార్డుకు సరిపోతుంది. పట్టీ బండిని పట్టుకుంటుంది, మడ్‌గార్డు పట్టీని పట్టుకుంటుంది. బండి రేకుకు కొత్తగా ఒక్క గాయం ఉండదు. "కోటుకి లైనింగు లాంటిదోయ్" అన్నాడు బావ, మొహం వెలిగిపోతుండగా. రేకుకూ మడ్‌గార్డుకూ మధ్య సందు కనబడకుండా అక్క రెగ్జిన్‌తో సోఫా పైపింగు కుట్టి ఇచ్చింది. తిడుతూనే కుట్టింది, కానీ బాగా కుట్టింది.

బావ ఖాకీ కాగితం మీద నమూనా కత్తిరించి వెల్డరుకు పంపాడు. వెల్డరు దాని ప్రకారం పట్టీలు చేసి తెచ్చాడు. పదహారో తారీఖు పొద్దున్న పట్టీలు బండికి చక్కగా కూర్చున్నాయి. మడ్‌గార్డు ఎత్తి పెట్టాం. ఒక్క బోల్టూ దిగలేదు. రెండో పక్కా అంతే. అన్ని బెజ్జాలూ సరిగ్గా అరంగుళం అవతలగా ఉన్నాయి, ఒక బెజ్జం తప్పు చేస్తే మిగతావన్నీ దానికి తోడు వెళ్ళినట్టు.

వెల్డరు ఖాకీ కాగితం తెచ్చి పట్టీ మీద పరిచాడు. నా పనిలో తప్పు లేదండీ, కాగితంలోనే ఉంది అన్నాడు. బావ కాగితాన్ని చాలాసేపు చూశాడు. చూస్తూ చూస్తూ పాలిపోయాడు.

"కుట్టుకోసం అరంగుళం వదిలాను" అన్నాడు నెమ్మదిగా.

ముప్పై ఏళ్ళుగా ఏ గుడ్డ కత్తిరించినా ఆ చేతులు కుట్టుకని అరంగుళం వదిలాయి. ఇనుమును చూసినా వదిలాయి. వెల్డరు మొదట దగ్గాడు, తర్వాత ఆపుకోలేక బండి తొట్టిని పట్టుకుని నవ్వాడు. అక్క నవ్వలేదు. హోటలువాళ్ళు రెండుసార్లు ఫోను చేశారని, ఇంకా నాలుగు రోజులే ఉన్నాయని చెప్పి, నా వైపు తిరిగింది. "నువ్వయినా చెప్పరా. నా బతుకు ఎలాగూ టాకాల మీదే ఉంది. బండినైనా గట్టిగా బిగించమను."

నాకూ ఓపిక అయిపోయింది. వెల్డరు చేతిలోంచి డ్రిల్లు లాక్కున్నాను. "బెజ్జాలు నేను పెడతాను బావా. నువ్వు అటు తిరిగి నిలబడు" అన్నాను.

బావ వాదిస్తాడనుకున్నాను. "నీ ఇష్టమోయ్. నీకు పనికొస్తుందని ఆగాను" అని మాత్రం అన్నాడు. నాకేం పనికొస్తుందో అర్థం కాలేదు. అడిగే ఓపిక కూడా లేదు. డ్రిల్లు వైరు వాకిలిదాకా అందడం లేదు. ప్లగ్గు దుకాణంలో కత్తిరింపు బల్ల కింద ఉంది. బల్లకు కట్టిన గుడ్డ తెర తప్పించి, మోకాళ్ళ మీద లోపలికి దూరాను.

బల్ల కింద మా నాన్న బండి ఉంది.

ముందు స్టీరింగు కనబడింది, నాన్న చేతులకు అరిగి నున్నబడ్డ పాత స్టీరింగు. దాని పక్కన పగిలిన దీపం అద్దం, తలుపు పిడి, వైపరు, హారను బుడ్డి. పదకొండేళ్ళలో బండికి మార్చిన ప్రతి పాత భాగమూ నూనె రాసి, కోటు గుడ్డలో చుట్టి, టాకాలు వేసి ఉంది. చివర్న రెండు వెనక మడ్‌గార్డులు. తుప్పు గీకి రంగు పూశాడు. ఎడమ దాని గుంటలో, నేను కూర్చున్న గుంటలో, బోల్టులన్నీ ఒక డబ్బాలో పోసి పెట్టాడు.

డబ్బా మీద చీటీ గుచ్చి ఉంది. బావ ప్రతి ఖాతాదారు గుడ్డకూ గుచ్చే ఆర్డరు చీటీ. తారీఖు పదకొండేళ్ళ నాటిది. పేరు: బావమరిది. పని: బండిని నాన్నగారి నాటి కొలతకు తేవడం. ఇవ్వవలసిన రోజు: వాడు ఎప్పుడంటే అప్పుడు.

అప్పుడు గుర్తొచ్చింది, బండి మీద చెయ్యి వేసి నేను అన్న మాట. ఎప్పటికైనా దీన్ని మళ్ళీ నాన్న నడిపినప్పటి రూపానికి తెస్తాను బావా అన్నాను. ఏడ్చి ముక్కు తుడుచుకుంటూ అన్న మాట. నేను దాన్ని గొడుగులా వదిలేసి వెళ్ళిపోయాను. ఆయన తీసి, మడిచి, చీటీ గుచ్చి పెట్టాడు.

చీటీ జేబులో పెట్టుకుని పాక్కుంటూ బయటికొచ్చాను. ప్లగ్గు పెట్టావా అని అక్క అడిగింది. డ్రిల్లు వెల్డరుకు తిరిగి ఇచ్చేశాను. "పట్టీలు మళ్ళీ చేద్దాం. ఈసారి అరంగుళం వదలకుండా" అన్నాను.

"నీకూ పట్టిందా" అంది అక్క.

మూడు రోజులు ముగ్గురం, వెల్డరుతో నలుగురం, ఆ పట్టీల మీద పడ్డాం. బావ నమూనా గీస్తుంటే నేను పక్కన కూర్చుని, పెన్సిలు గీత దాటినప్పుడల్లా దగ్గేవాణ్ణి. పంతొమ్మిదో తారీఖు మధ్యాహ్నం పన్నెండు బోల్టులూ పాలలో చెంచాలా దిగాయి. చక్రం మాత్రం ఒంపు మధ్యలోకి రాక కాస్త ముందుకు జరిగి కనబడుతుంది, ఫోటోలో పక్కవాడి మాట వినడానికి తల వంచిన మనిషిలా. అంతకు మించి వంక లేదు.

మర్నాడు తనిఖీ ఆఫీసరు మడ్‌గార్డు మీద వేలు పెట్టి నొక్కాడు, వేలు ఇవతలే ఉంది. పిడికిలితో గుద్దాడు. చివరికి ఎక్కి నిలబడ్డాడు. దిగి వంగి కిందకు చూసి, తొట్టికి ఎక్కడా కొత్త బెజ్జం లేదే, ఇదెలా ఆగింది అని అడిగాడు.

"టాకాల మీద సార్" అన్నాడు బావ.

ఆఫీసరు ఇంకోసారి గుద్ది చూసి సంతకం పెట్టాడు.

తిరిగి వచ్చేటప్పుడు అక్క నడుపుతోంది. మధ్యలో బావ, ఈ చివర నేను. రైల్వే గేటు పడితే బండి ఆపింది. అక్కడ జేబులోంచి చీటీ తీసి అక్కకు ఇచ్చాను. అక్క స్టీరింగు మీద పెట్టుకుని చదివింది. ఒకసారి చదివి, మళ్ళీ చదివి, వేలు తడిచేసి అక్షరాల అంచు మీద రుద్ది చూసింది. నీలంగా కాస్త అంటుకుంది.

"సిరాతో రాశారు" అంది.

బావ కిటికీలోంచి రాని రైలు కోసం చూస్తున్నాడు.

"నాతో పెళ్ళికి పెన్సిలు. మా తమ్ముడి మడ్‌గార్డులకి సిరానా?"

"నువ్వెక్కడికి పోతావు" అన్నాడు బావ, అటే చూస్తూ. "వాడు మరిచిపోయే రకం. అందుకని రాసి పెట్టాను."

రైలు వచ్చింది, వెళ్ళింది. గేటు లేచింది. వెనక బళ్ళవాళ్ళు హారన్లు కొడుతున్నారు. అక్క చెయ్యి చాపి, బావ చెవి మీద వంకరగా ఉన్న పెన్సిలును సరిగ్గా దోపి, బండి ముందుకు పోనిచ్చింది.