ఇడ్లీ ప్లేటు ఆంప్లిఫయరు

శ్రీ సిటీ ఫ్యాక్టరీలో షిఫ్టు ముగించి పుత్తూరు చేరగానే స్టెల్లా సోల్డరింగ్ ఐరన్ అందుకుంటుంది. చర్చికని ఆమె చేసిన ఆంప్లిఫయరు మూడో పాటకల్లా వేడెక్కి మూగబోయేది. మళ్లీ ఆగితే బాడుగకు సెట్టు తెప్పిస్తానన్నాడు పాస్టరు. లోపలి చిప్పు వేడిని లాగడానికి చిన్న రేకు చాలదని, ఈసారి ఆ చిప్పును ఇంట్లో ఉన్న అల్యూమినియం ఇడ్లీ ప్లేటుకు బిగించింది. పాట పాటకూ, బిడ్డకు జ్వరం చూసినట్టు, వేళ్ల వెనకవైపుతో ఆంప్లిఫయరును తాకి చూడటం ఆమె అలవాటు.

ఆ ఆదివారం ఆఖరి పాట దాకా స్పీకరు బాక్సులు ఖంగుమన్నాయి. ఆరాధన అయ్యాక, వారమంతా ప్లేటు కోసం ఇల్లు గాలించిన అమ్మ ప్రసన్నకుమారి దగ్గరికొచ్చింది. తనూ ప్లేటును వేళ్ల వెనకవైపుతోనే తాకింది. “కాలడంలేదే. ఈడనే ఉండనీ,” అంది. తర్వాత పక్కనున్న ఆడవాళ్లకు, ఎవరూ అడక్కముందే చెప్పింది: “ప్లేటు మాదే. చేసినాది మా స్టెల్లా.”