బలపంతో రాసిన పేర్లు

మార్కాపురంలో ఇప్పుడు టీ కాగితం కప్పుల్లో పోస్తున్నారు. పోస్తే పోశారు గానీ, ఆ కప్పు రెండో గుక్కకే మెత్తబడి, తాగుతున్నది టీనో కాగితమో తెలియకుండా చేస్తోంది. దీని గురించి ఎవరికి మొరపెట్టుకోవాలో తెలియక, ఆరోజు సమాధిరాళ్లు చెక్కే దుకాణంలో ప్లాస్టిక్ కుర్చీ మీద ఆ కప్పునే చూస్తూ కూర్చున్నాను. వెనక షెడ్డులో మిషను రాయి కోస్తోంది. కోసేచోట నీళ్లు పడి, తడిసిన రాతిపొడి వాసన కొట్టింది. ఆ వాసన నాకు కొత్తదేం కాదు. మా నాయన రోజూ సాయంత్రం ఒంటికి పూసుకుని ఇంటికి తెచ్చేవాడు.

దుకాణం ఆయన మర్యాదస్తుడు. కంప్యూటరులో నమూనాలు చూపించి, "పావురం పెట్టమంటారా సార్, బైబిలు పెట్టమంటారా?" అన్నాడు. మా అమ్మకు పావురాలంటే పడదు, ఆరబోసిన కందులు తింటాయని. పుట్టినతేదీ అడిగాడు. ఆధార్ కార్డు ప్రకారం అమ్మ జనవరి ఒకటిన పుట్టింది. మా వీధిలో దాదాపు అందరూ ఆరోజే పుట్టారు. ఫొటో కూడా ఆ కార్డులోదే. అందులో అమ్మ, ఎవరి కేసులోనో సాక్ష్యానికి లాక్కొచ్చిన మనిషిలా ఉంది. ఆఖర్న, "అమ్మగారి గురించి ఒక్క లైను చెప్పండి సార్, కింద చెక్కుదాం" అన్నాడు. నేను తెలుగు ఎమ్మే. ఊళ్లోవాళ్లకు ఇప్పటికీ పెళ్లిపత్రికలూ సన్మానపత్రాలూ రాసిపెట్టేది నేనే. "రేపు చెప్తా" అన్నాను. ఆ రేపు వచ్చి, పోయి, చాలా రోజులైంది.

మా ఊరు పెద్దారవీడు దగ్గర, నల్లమల నీలంగా కనిపించేంత దూరంలో ఉంటుంది. నాయన మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో రాయి చీల్చేవాడు. అంచున ఉలి పెట్టి తడితే రాయి పొరలు పొరలుగా విడిపోయేది. పగిలినవీ, వంకరపోయినవీ సైకిలుకు కట్టుకుని తెచ్చేవాడు. ఆ రాళ్లే మా ఇళ్లకు అరుగులు, నీళ్లకుండల మీద మూతలు, స్నానాల చోట అడుగుబండలు, మేం కుంటలో ఎగరేసే బిళ్లలు, చివరికి మనిషి పోతే తలాపున పాతే గుర్తు కూడా.

వానలు వెనకపట్టి, కందిచేలు పసుపుపచ్చ పూత మీదికొచ్చి, కొండ నుంచి సీతాఫలాల గంపలు దిగే రోజుల్లో సమాధుల పండగ వచ్చేది. తెల్లారేసరికి వీధంతా తడిసున్నం వాసన. ఆడవాళ్లు బంతిపూలు, బొరుగులు, బెల్లం, అలసంద గుగ్గిళ్లు గంపల్లో పెట్టుకుని నడిచేవాళ్లు, పిల్లలం వెనక. సున్నం పూయడం, కొవ్వొత్తులు వెలిగించడం, కారిన మైనం గోకి ఉండలు చేసి జేబుల్లో దాచుకోవడం, ఆ జేబులకు ఇంట్లో దెబ్బలు తినడం, అన్నీ పండగలో భాగమే. పాస్టరుగారి ప్రార్థన చాలా శ్రద్ధగా సాగేది. సగం కొవ్వొత్తులు దాని చివర చూసేవి కావు.

నాకు మాత్రం పని ఉండేది. ఆ పలకరాళ్ల మీద పేర్లు బలపంతో రాసేవాళ్లం. ఏడాది వానలకు అవి కడుక్కుపోయేవి, మళ్లీ రాయాలి. మా వీధిలో పలకలు చేసేవాళ్లే గానీ పలక మీద రాసేవాళ్లు తక్కువ. అందుకని బడికిపోయే నన్ను చెయ్యి పట్టుకుని ఒక సమాధి నుంచి ఇంకో సమాధికి లాక్కుపోయేవాళ్లు.

"అబ్బయ్యా, మా ఆయన పేరు కొంచిం పెద్దగా రాయి. ఆయనకు చెవుడు."

ఇంకో అత్త, "దాని పక్కన నా పేరు గూడా రాయి. లేకుంటే ఆ జాగా ఇంకెవరన్నా పట్టుకుంటారు" అనేది.

"నువ్వు బతికే ఉండావు గదత్తా?"

"ఉంటే ఏంది? రాయి."

నేను రాసినంతసేపూ పక్కన కూర్చుని ఆ పోయినవాళ్లను తిట్టేవాళ్లు, నవ్వేవాళ్లు, ఆయన సంగటి ఎట్ల తినేదీ, ఎద్దును కొని ఎట్ల మోసపోయినదీ చెప్పి, కాసేపు ఏడ్చి, నా చేతిలో బెల్లంముక్క పెట్టేవాళ్లు. అమ్మ మా అవ్వ రాయిని తడి కొంగుతో తుడిచి పక్కన నిలబడేది. అమ్మకు చదువు రాదు.

"ఏం రాసినావురా?"

"సారమ్మ."

"ఇంతేనా? అంత మనిషి గదరా!"

అంత మనిషి ఎట్లాంటిదో చెప్పడం అప్పుడు మొదలుపెట్టేది. మిరపకాయల మూట నెత్తిన పెట్టుకుని కురిచేడు దాకా నడిచి, రైలెక్కకుండానే రైలును చూసి వచ్చిన కథ ఏటా ఒకటే. ఏటా మూట కొంచెం బరువెక్కేది. ఆ కథ అయ్యేదాకా నేను అవే అక్షరాల మీద దిద్దుతూ ఉండేవాణ్ణి.

ఇప్పుడు బడిలో పలకల్లేవు. ఫ్యాక్టరీలు చాలావరకు మూతపడ్డాయి. మా వీధి పిల్లలంతా చదువుకుని ఒంగోలు, హైదరాబాదు పోయినారు, నాతో సహా. అమ్మ పోయినప్పుడు అవ్వ పక్కన పెడదామని చూస్తే అవ్వ సమాధి ఏదో తేలలేదు. అన్నీ ఒకే రకం రాళ్లు, అన్నీ ఖాళీ. అమ్మకు చెల్లెలు, మా చిన్నమ్మ, చాలాసేపు తిరిగి, "ఇదన్నా అయ్యుండాల, అదన్నా అయ్యుండాల" అంది. రెంటి మధ్యన అమ్మను పెట్టాం. అమ్మకు కూడా అట్ల కాకూడదని ఈ గ్రానైటు రాయి.

లైను దొరకలేదు. రాసిన ప్రతిదీ ఎవరి రిటైర్మెంటుకో పనికొచ్చేట్టుంది. పేరొక్కటే చాలన్నాను. పావురం లేదు, జనవరి ఒకటి లేదు. నల్లటి నున్నటి రాయి మీద 'రూతమ్మ' అని మిషను లోతుగా చెక్కింది. పోయిన వారమే నిలబెట్టించాం. ఎంత బాగుందంటే, చూసి ఏం చెయ్యాలో నాకు తోచలేదు.

చిన్నమ్మ అలవాటుగా తడిగుడ్డ తెచ్చింది. అక్షరాల మీద గట్టిగా రుద్దింది. వేలు పెట్టి చూసింది.

"ఇది పోదా?"

"పోదు చిన్నమ్మా."

"వానకు గూడానా?"

"వానకు గూడా పోదు. మనం పోయినా ఉంటాది."

గుడ్డ పిండి, దులిపి, భుజాన వేసుకుంది.

"అయితే ఇంక నువ్వు రావు."