వాసన పోవాలంటే గర్భసంచి తీసేయాలట

"ఇద్దరు పిల్లలైండ్రు గదా. ఇంక గర్భసంచితోని ఏం పని? తీసేస్తే పీడ పోతది."

ఊళ్లో సూదులు వేసే డాక్టరు ఈ మాట నాతో అనలేదు, మా అత్తమ్మతో అన్నాడు. ఆమె తలూపింది. నాకు మొదటిసారి భయం వేసింది అప్పుడే. అంతకుముందు ఉన్నదంతా సిగ్గే. తెల్లబట్ట అవుతూ చేపల నీచులాంటి వాసన వస్తుంటే, బస్సులో పక్కన ఎవరు కూర్చున్నా ముడుచుకుపోయేదాన్ని.

అతను నన్ను పరీక్షించలేదు. బోధన్‌లో తెలిసిన ఆస్పత్రి ఉందని, తనే మాట్లాడతానని చెప్పాడు. ఇంటికొచ్చి నా భర్తతో అంటే, ఫోన్‌లోంచి తల ఎత్తకుండా, ఆడవాళ్ల సంగతి మీరే చూసుకోండి అన్నాడు. పిల్లలు అన్నీ వింటూనే ఉన్నారు.

మా వాడలో బీడీలు చుట్టే చాలామందికి గర్భసంచి లేదు. పన్ను పీకించుకున్నంత మామూలుగా చెబుతారు. అత్తమ్మకూ లేదు.

మొదట వైద్యం చేసింది ఆమే. మాది పసుపు పండించే ఇల్లు, గాయానికైనా బాలింతకైనా పసుపే. పసుపు, పటిక వేసి కాచిన నీళ్లతో లోపలిదాకా కడుక్కోమంది. కడిగాను. తగ్గకపోతే ఇంకా కడిగాను. వాసన పెరిగింది, మంట తోడైంది.

ఎవరికీ చెప్పకుండా నిజామాబాద్ వెళ్లి ఒక లేడీ డాక్టరుకు చూపించుకున్నాను. ఆమె లోపల చూసింది, పరీక్షకు నమూనా తీసింది.

"లోపల కడగమని ఎవరు చెప్పిండ్రమ్మా?" అంది.

లోపల మంచి సూక్ష్మజీవులుంటాయట. కడిగితే అవి పోయి చెడ్డవి పెరుగుతాయట, ఆ వాసన వాటిదే. కొందరికి భర్త నుంచి అంటుకున్న జబ్బు అయి ఉంటుంది, అప్పుడు ఇద్దరూ మందులు వాడాలి. కొందరికి నెలసరికి పెట్టుకున్న దూది లోపలే మరచిపోయి ఉంటుంది. అరుదుగా క్యాన్సర్ కావచ్చు, అందుకే ఆ పరీక్ష కూడా చేసింది. అది లేదని తేలింది. గోళీలతో వాసన పోయింది. గర్భసంచికి ఏ జబ్బూ లేదు.

సంతోషం కంటే కోపమే ఎక్కువ వచ్చింది. మార్కెట్లో పసుపు కొమ్ము కొనేవాడు కూడా విరిచి, రంగు చూసి కొంటాడు. ఆ సూదుల డాక్టరు నన్ను ఆ మాత్రం కూడా చూడలేదే!

ఆ సాయంత్రం అత్తమ్మకు అన్నీ చెప్పాను. ఆమె నడుం పట్టుకుని లేస్తూ అడిగింది.

"నాకు గూడ గిదే అయితుండె బిడ్డ. మరి నాది ఎందుకు తీసిండ్రు?"

ఆ ప్రశ్న వినాల్సినవాడు ఊళ్లో ఇంకా సూదులు వేస్తూనే ఉన్నాడు.

మర్నాడు పొద్దున స్నానాలు చేయిస్తూ పాపకూ బాబుకూ కలిపే చెప్పాను. "అమ్మ కడుపు ఎవ్వరు కోస్తలేరు. మీకు కింద దురద పెట్టినా, మంట అయినా, వాసనొచ్చినా నాకు చెప్పుండ్రి. సిగ్గుపడేది ఏం లేదు. చూడకుండనే కొయ్యాలె అన్నోని మాట మాత్రం ఎన్నడు వినకుండ్రి."