దారి తెలియనివాళ్ల కోసం గీసిన గీతలు

కావ్చీ కొండ పెద్ద ఎత్తేమీ కాదు. చిన్నపిల్లలు కూడా మారాం చేయకుండా ఎక్కేస్తారు. పైన చుట్టుపక్కలంతా చూడ్డానికి చెక్కతో కట్టిన టవర్ ఉంది. దాని కాళ్ల దగ్గర మా లుద్మిలత్త క్యాంటీన్ నడుపుతుంది. అమ్మకు జబ్బు చేసి నా చదువు మధ్యలో ఆగిపోయినప్పుడు అత్త నన్ను ఇక్కడికి తెచ్చుకుంది. గ్లాసులు కడగడం, వెల్లుల్లి సూప్ వేడిచేసి కిటికీలోంచి అందించడం నా పని. కొత్తవాళ్లతో మాట్లాడాలంటే నాకు నోరు పెగలదు. తెలియని ఊళ్లో దారి తప్పితే ఎవరినీ అడగను. చీకటి పడేదాకా తిరుగుతానే తప్ప అడగను.

ఈ పిరికితనం ఒకరికి అక్కరకొస్తుందని బొహుమీర్ తాత వల్లే తెలిసింది.

తాత రంపపు మిల్లులో పనిచేసి రిటైరయ్యాడు. టవర్‌కి వచ్చే నీలం బాట ఆయనది. అంటే ఆ బాట పొడవునా చెట్ల మీద గుర్తులు వేసేది ఆయనే. అరచేయంత గుర్తు: కింద తెలుపు గీత, మధ్యలో నీలం, పైన మళ్లీ తెలుపు. నడకల సంఘంలో ఈ పనికి జీతం ఉండదు, ఇష్టమున్నవాళ్లే చేస్తారు. ఇద్దరిద్దరుగా వెళ్లడం ఆనవాయితీ. పెళ్లయిన ఏడాది నుంచీ తాత జంట ఆయన భార్య వేరానే. ఆమె పోయాక మరొకరిని వెంట రానివ్వలేదు. డబ్బా, కుంచె, తీగల బ్రష్షు సంచిలో వేసుకుని ఒంటరిగా వెళ్లేవాడు.

ఆ ఏప్రిల్‌లో ఒక ఆదివారం, ప్యాంటు చిరిగిన పెద్దమనిషి ఒకాయన కుంటుకుంటూ కిటికీ దగ్గరికి వచ్చాడు.

"ఇది టవరేనా, లేక ఇదీ ఎవరిదైనా పెరడా?" అన్నాడు.

నీలం గుర్తులు నమ్ముకుని బయల్దేరి, కొండకు అవతల హౌడెక్ అనే రైతు పెరట్లో పెద్దబాతుల మధ్యలో తేలాడట. అలా తేలినవాళ్లలో ఆయన మొదటివాడు కాదు.

ఆ వారమే సంఘం పెద్ద యార్మిలా గారు వచ్చారు. బల్ల దగ్గర తాతకు ఎదురుగా కూర్చున్నారు.

"బొహుమీర్ గారూ, మే మొదటి ఆదివారం మన సంఘం వాళ్లందరం నీలం బాటలో కొండెక్కుతున్నాం. ఒక్కరు బాతుల దగ్గర తేలినా సరే, నీలం బాట పక్కూరి జంటకిచ్చేస్తా. నాతో పోట్లాడొద్దు."

"గుర్తుల్లో తప్పేం లేదమ్మా. నిన్న కూడా నడిచి చూశా."

"మీరు కళ్లు మూసుకున్నా నడుస్తారు. మీకోసమా గుర్తులు?"

ఆమె వెళ్లాక తాత బీరు ముట్టుకోలేదు. నురగ అణిగిపోయింది. ఆ బాట పోతే ఆయనకు పొద్దున్నే లేవడానికి కారణం ఉండదని మా అందరికీ తెలుసు.

లుద్మిలత్త ఊరుకోదు కదా. "వేరా ఉన్నన్నాళ్లూ ఒక్కడికీ బాతు కరవలేదు. ఏం చేసేదో ఏమో!"

"వేరానా? దానికేం తెలుసు!" తాత ఇంతెత్తున లేచాడు. "రొట్టె కొనడానికెళ్లి రైల్వే స్టేషన్లో తేలిన మనిషి! కుడి ఎడమలు తెలీవు. ముందు నడుస్తూ 'ఇప్పుడెటు, ఇప్పుడెటు' అని నా ప్రాణం తీసేది. ఆ నస భరించలేక అడిగిన చోటల్లా ఒక గుర్తు కొట్టేవాణ్ణి..."

అక్కడ ఆగిపోయాడు. తర్వాత తల తిప్పి నన్ను చూశాడు.

"అమ్మాయ్, ఈ కొండ నువ్వెప్పుడైనా నడిచి ఎక్కావా?"

నా బదులు అత్త చెప్పింది. "ఎక్కడ! రోజూ నా వ్యాన్లోనే వస్తుంది, నా వ్యాన్లోనే దిగుతుంది."

"దారి తప్పితే ఎవర్నన్నా అడుగుతుందా?"

"చచ్చినా అడగదు."

"నాకిలాంటి మనిషే కావాలి," అన్నాడు తాత.

మర్నాడు ఊరి బస్టాపు దగ్గర మొదలుపెట్టాం. నేను ముందు, ఆయన వెనక. నోరు జారకుండా వెలిగించని పొగాకు పైపు పళ్ల మధ్య బిగించుకున్నాడు. ఒక గుర్తు చూసి, దాని నుంచి ఇంకో గుర్తు వెతుక్కుంటూ నడిచాను. సగం దూరం బాగానే సాగింది. ఆపైన, పురుగు పట్టి ఎండిన స్ప్రూస్ చెట్లన్నిటినీ నరికేసిన చోటికి వచ్చాం. మొద్దులు, ఎండుకొమ్మలు, ఎండ. ఎక్కడా గుర్తు లేదు. దుంగలు లాగిన బండ్లు చేసిన వెడల్పాటి దారి కిందికి దిగుతోంది. నేనూ దిగాను. తాత పైపు కొరుకుతూ నా వెనకే దిగాడు. కాసేపటికి బాతుల అరుపులు వినిపించాయి. నా కాళ్లు ఆగిపోయాయి.

"తప్పు చేశాను తాతా."

"నువ్వు కాదులే. పద వెనక్కి."

నరికిన చోటికి తిరిగి వచ్చాక అడిగాడు. "ఇక్కడ అటెందుకు తిరిగావు?"

"దారి అటే కదా ఉంది."

"అది దారేంటి, బండ్ల చాలు! దారి ఇదిగో, ఈ రెండు పెద్ద చెట్ల మధ్య నుంచి..."

చెయ్యి చాపి చూపించాడు. అక్కడ చెట్లు లేవు. కోరింద పొదల్లో సన్నగా, గడ్డి కప్పేసిన కాలిబాట ఉంది. ఆయన చెయ్యి కాసేపు అలాగే గాల్లో ఉండిపోయింది. తర్వాత మెల్లగా ఒక మొద్దు మీద కూర్చున్నాడు.

"ఇన్నాళ్లూ లేని అడవిలో నడుస్తున్నానన్నమాట," అన్నాడు. నవ్వాడో, ఏడ్చాడో నేను చూడలేదు. మొహం అటు తిప్పుకున్నాను.

కాసేపటికి లేచాడు. "ఇక్కడికి రాగానే నీ చూపు ముందు దేనిమీద పడింది?"

నరికేవాళ్లు వదిలేసిన ఒంటి మేపుల్ చెట్టును చూపించాను. ఆయన దాని బెరడు బ్రష్షుతో గీకి శుభ్రం చేసి, కుంచె నా చేతిలో పెట్టాడు. రంగు ఎక్కువ ముంచాను, నీలం కింది తెలుపు మీదికి కారింది.

"తుడిచెయ్యనా?"

"కనిపిస్తోందా?"

"కనిపిస్తోంది."

"మరింకేం."

ఆ రోజు నుంచి నేను తటపటాయించిన ప్రతిచోటా గుర్తు వేశాం. "వేరా నోటితో అడిగేది, నువ్వు కాళ్లతో అడుగుతున్నావు," అనేవాడు.

మే ఆదివారం రానే వచ్చింది. తాత టవర్ ఎక్కడం, దిగడం, మళ్లీ ఎక్కడం. "మెట్లు అరిగిపోతాయి, కాస్త కూర్చోండి!" అని అత్త కేకలేసింది. చివరికి చెట్ల మధ్య నుంచి మాటలు వినిపించాయి. ముందు యార్మిలా గారు, చెమటతో ఎర్రబడ్డ ముఖంతో. వెనకే ముసలివాళ్లు, పిల్లలు, కుక్కలు. ఆమె వెనక్కి తిరిగి అందరినీ చూసుకున్నారు. ఎవరూ తక్కువ కాలేదు.

"బాట ఇక మీ చేతిలోనే ఉంటుంది బొహుమీర్ గారూ," అన్నారు. "కానీ ఆ మేపుల్ మీద గీసిందెవరు? రంగు కారింది."

"నా జంట," అన్నాడు తాత, బొటనవేలితో కిటికీ వైపు చూపిస్తూ.

నేను సూప్ గిన్నె వెనక్కి వంగాను. కానీ ఆమె కిటికీ దాకా వచ్చేశారు.

"నీ పేరేంటమ్మా?"

ఎప్పుడూ నా బదులు చెప్పే అత్త ఆ రోజు చెప్పలేదు. బీరు పోస్తున్నట్టు నటించింది.

"బ్లాంకా," అన్నాను.

"గట్టిగా చెప్పు, ఆమెకి సరిగ్గా వినపడదు," అన్నాడు తాత.

"నాకు బ్రహ్మాండంగా వినపడుతుంది!" అన్నారు యార్మిలా గారు. అందరూ నవ్వారు, నాకూ నవ్వొచ్చింది.

సాయంత్రం జనం దిగిపోయాక తాత సంచి సర్దుకుంటూ అన్నాడు. "నీలం బాట నీకు తెలిసిపోయింది. ఇక దీనికి నువ్వు పనికిరావు. వచ్చే ఏడు నిన్ను నీకు తెలియని ఎర్ర గుర్తుల బాటకి తీసుకెళ్తా."

"మరి నీలానికి?"

ఆయన లుద్మిలత్త వైపు చూశాడు. వ్యాన్ దిగి నాలుగడుగులు వేయని మా అత్త వైపు.

"నన్నా? నా మోకాళ్లు చూశారా?" అంది అత్త. అంటూనే వంగి, తన చెప్పులు నడకకు పనికొస్తాయో లేదో చూసుకుంది.

నేను వేరాని చూడలేదు. ఆమె ఫొటో కూడా తాత దగ్గర ఒక్కటే ఉంది, అందులోనూ ఆమె ఎటో చూస్తోంది. ఇప్పుడు నాకు తెలియని బాట మీద కాళ్లు ఆగినప్పుడల్లా ఆమెని తలుచుకుంటాను. అక్కడే నిలబడి, సంచిలోంచి కుంచె తీస్తాను.